రిజిస్టరుకెక్కని పన్నెండు చక్రాలు

సోమవారం, పొద్దున్న

నా లెక్కలమ్మకు,

నాన్న రాస్తున్నాడు. ముందు సంతోషం రాసేసి తర్వాత మిగతాది రాస్తాను. లేకపోతే ఈ సంతోషం నన్ను కుదురుగా కూర్చోనివ్వదు. అరవై చక్రాల కుర్చీలూ వెళ్ళిపోయాయని నిన్న సాయంత్రం బట్టతల ఫోన్ చేసి చెప్పాడు. వాడు నా తర్వాత స్టోర్లో నా కుర్చీలో కూర్చున్నవాడు. ఫ్యాక్టరీ మొత్తం అదే పేరుతో పిలుస్తుంది, వాడూ పలుకుతాడు. "గురువుగారూ, లారీ గేటు దాటింది. పిల్లల ఆసుపత్రికి అరవైకి అరవై. సీటు లేని కుర్చీ ఒక్కటీ లేదు. మన అమ్మాయి తెర ఏం చెప్పిందో అదే స్టోర్లో ఉంది" అన్నాడు.  ఫోన్ పెట్టేసి హాలు మధ్యలో అలాగే నిలబడిపోయాను. మీ అమ్మ వంటింట్లోంచి వచ్చి "ఏమైందండీ" అంటే, మాట పెగలక పది వేళ్ళూ చాచి ఆరుసార్లు చూపించాను. "ఏంటి, అరవై దాటాయని ఇప్పుడు గుర్తొచ్చిందా మీకు?" అంది. తర్వాత విషయం చెబితే అక్కడే కుర్చీలో కూలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఈలోగా స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. పోతే పోయాయి.

రెండు నెలలైంది తల్లీ, నేను కడుపునిండా తిని. ఇప్పుడు ఆకలి వేస్తోంది.

ఇంక మిగతాది. ఇది ఫోనులో చెప్పలేను. ఫోనులో అయితే నువ్వు "సరే నాన్నా" అంటావు, అక్కడితో నా ధైర్యం అయిపోతుంది. అందుకని సరుకు కావాలని రాసే పాత ఇండెంటు కాగితాల వెనక రాస్తున్నాను, నా అలవాటు ప్రకారం కింద కార్బను కాగితం పెట్టి. ఒక కాపీ నీకు, ఒకటి నాకు. ముప్పై నాలుగేళ్ళ స్టోరు కీపరు చెయ్యి, రెండో కాపీ లేకపోతే కదలదు. పార్సిలు వ్యాను డ్రైవరు మధ్యాహ్నం మీ ఊరు వస్తున్నాడు, అతని చేతికిస్తాను. గురువారం నువ్వు యజమానుల ముందు నిలబడి ఇది ఎలా కుదిరిందో చెప్పాలట కదా. మిగతా ఆరు యూనిట్లలో కూడా నీ పద్ధతే పెడతారట. ఆ గురువారానికి ముందు నీకు ఇది తెలియాలి.

ఎందుకంటే, ఇది ఎలా కుదిరిందో నీకు తెలియదమ్మా. నాకు తెలుసు.

నువ్వు ఆ పెద్ద చదువు పూర్తిచేసి మన ఫ్యాక్టరీ హెడ్డాఫీసులోనే ఉద్యోగం తెచ్చుకున్నాక, మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు భోజనాల బల్ల మీద నాకు పాఠం చెప్పావు, గుర్తుందా? చెంచా పెట్టి "ఇది గొట్టాలు వంచే షెడ్డు" అన్నావు. పళ్ళెం పెట్టి "ఇది చక్రాలాయన" అన్నావు. గ్లాసు సీట్లు కుట్టే ఆవిడ. ఉప్పు డబ్బా మన స్టోరు. నీళ్ళ జగ్గు ఆసుపత్రి. "వీళ్ళెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు నాన్నా. ఎవరి దగ్గర ఎంతుందో ఇంకొకరికి తెలియదు. అందుకే ఒకచోట కుప్పలు, ఇంకోచోట ఖాళీలు. అందరి ముందూ ఒకే కంప్యూటర్ తెర పెడితే, అందులో అందరూ నిజం రాస్తే, ఎవరూ ఎవరికోసమూ ఆగక్కర్లేదు. దీన్ని సప్లై చెయిన్ ఇంటిగ్రేషన్ అంటారు" అన్నావు. నాకు ఆ పేరు నోరు తిరగలేదు కానీ విషయం ఎంత బాగుందో. నా చిన్నప్పుడు ఎవరైనా ఇలా చెప్పుంటే ఎన్ని తిప్పలు తప్పేవో అనుకున్నాను.

అప్పుడే చెప్పాల్సింది నీకు. నాలుక చివరదాకా వచ్చింది. ఇంతలో నువ్వు నా మొహంలోకి చూసి, "నీ రిజిస్టరు లాంటిదే నాన్నా ఇది. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క కొట్టివేత లేని రిజిస్టరు" అన్నావు. ఆ మాట తర్వాత నోరెలా తెరవను? ఉప్పు డబ్బా తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

నా రిజిస్టరులో కొట్టివేతలు లేవు నిజమే తల్లీ. కానీ అందులో నిజం కూడా పూర్తిగా లేదు.

నీకప్పుడు మూడేళ్ళు. వానలకి రోడ్డు కోసుకుపోయి చక్రాల లోడు తొమ్మిది రోజులు రాలేదు. పని ఆగిపోయింది. అప్పట్లో కొందరు ఫ్యాక్టరీ గేటు దగ్గరికే వచ్చి కుర్చీ తీసుకెళ్ళేవాళ్ళు. ఒకతను వాళ్ళమ్మని తోపుడుబండి మీద తెచ్చుకున్నాడు. కుర్చీ వస్తే ఇక బండితో పని లేదని బండిని తిప్పి పంపించేశాడు. పొద్దున్నుంచి సాయంత్రందాకా గేటు పక్క అరుగు మీద కూర్చున్నారు. నేను గంటకోసారి వెళ్ళి "వచ్చేస్తుందమ్మా" అని చెప్పేవాణ్ణి. సాయంత్రం నిజం చెప్పక తప్పలేదు. అతను వంగి వాళ్ళమ్మని వీపుకెత్తుకుని నడిచి వెళ్ళిపోయాడు. ఆవిడ వెనక్కి తిరిగి, "మీరేం చేస్తారు నాయనా" అని నన్నే ఓదార్చింది. ఆ మాటే నన్ను తినేసింది.

ఆ తర్వాత వచ్చిన లోడులో రెండొందల చక్రాలుంటే, రిజిస్టరులో నూట ఎనభై ఎనిమిది రాశాను. పన్నెండు తీసి విరిగిన నిచ్చెన వెనక గోనెపట్టా కప్పి పెట్టాను. పన్నెండు పెద్ద చక్రాలంటే ఆరు కుర్చీలు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా అక్కడ పన్నెండు ఉన్నాయి. అవసరమొస్తే వాడేవాణ్ణి, లోడు రాగానే మళ్ళీ పన్నెండు నింపేవాణ్ణి. ఒక్కటి తగ్గింది లేదు, ఒక్కటి ఎక్కువైంది లేదు. మేనేజరుకి చెప్పలేదు. చెబితే ఆయన దాన్నీ లెక్కలో కలిపి, వచ్చే నెల ఆర్డరులో పన్నెండు తగ్గించేస్తాడు. కళ్ళకి కనిపించిన మిగులుని పైవాళ్ళు బతకనివ్వరు.

చక్రాలాయన ఒకసారి లోడు దించుతూ గోనెపట్టా ఎత్తి చూశాడు. నవ్వి, "ఏంటన్నా, ఇది అమ్మమ్మ పెట్టెలా ఉందే. ఇంట్లో ఏమీ లేదనుకున్నప్పుడు అమ్మమ్మ పెట్టెలోంచి ఏదో ఒకటి వస్తుంది కదా" అన్నాడు. ఆ పేరు ఉండిపోయింది. తర్వాత అతనూ ఒకటి పెట్టుకున్నాడు. అయిదు రోజుల పనికి ఎనిమిది రోజులు చెప్పడం అతని పెట్టె. నూట యాభై కావాల్సినచోట మూడొందలు అడగడం నా పెట్టె. నేను ఎక్కువ అడుగుతానని తెలిసి సీట్లు కుట్టే ఆవిడ సగమే కుట్టడం ఆవిడ పెట్టె. నిజంగా మూడొందలు కావాలంటే ఫోన్ చేసి "అక్కయ్యగారూ, ఇది పెట్టె ఆర్డరు కాదు, అసలుదే" అనేవాణ్ణి. చిన్నచిన్న అబద్ధాలన్నీ ఒకదానికొకటి అలవాటుపడి, ఇరుకింట్లో చుట్టాల్లా సర్దుకుని బతికాయి. నేను వెళ్ళిపోతూ బట్టతలకి తాళాలతో పాటు ఆ గోనెపట్టా కూడా అప్పజెప్పాను.

అంతలో నీ తెర వచ్చింది. తెర పాపం అమాయకురాలు. ఎవరేం చెబితే అది నమ్మింది. బట్టతల స్టోర్లో ఉన్నది తగ్గించి రాస్తే నమ్మి, మూడొందల సీట్లకి ఆర్డరు పెట్టింది. సీట్లావిడ దాన్ని ఎప్పటిలాంటి పెట్టె ఆర్డరే అనుకుని నూట యాభై కుట్టి, తెర మీద మాత్రం 'సరే' నొక్కింది. మూడొందలూ వచ్చేస్తున్నాయని తెర నమ్మింది. చక్రాలు పైకప్పుదాకా పేరుకున్నాయి, సీట్లు మాత్రం లేవు. కూర్చోడానికి చోటు లేని కుర్చీలు నలభై, వరసగా. నలుగురి ముందూ మేనేజరు నీతో "సీట్లు నీ తెరలో ఉన్నాయమ్మా, నా ఫ్యాక్టరీలో లేవు" అన్నాడని బట్టతల చెబితే, నా చెంప మీద కొట్టినట్టయింది.

నాతో కలిపి అయిదుగురికీ తెలిసిన పెట్టె సంగతి నీకెవరూ ఎందుకు చెప్పలేదు? ఇది విను. నీకు తెలుసనుకున్నారు. దాన్ని మొదలుపెట్టినవాడి కూతురివి, నాన్న చెప్పకుండా ఉంటాడా అనుకున్నారు. పెట్టెని కూడా లెక్కలోకి తీసుకునే తెర చేసుంటావనుకున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. చెప్పాల్సిన నాన్న ఉప్పు డబ్బా పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

రెండు రోజుల సెలవు పెట్టి వచ్చి ఆ గదిలో తలుపేసుకున్నావు. "పుస్తకంలో అన్నీ కుదిరాయి నాన్నా, మనుషుల దగ్గరే కుదరలేదు. నాకు చేతకాలేదు" అన్నావు. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు దుప్పటి మడతపెడుతుంటే, డిక్షనరీ కింద నీ రాజీనామా కాగితం కనిపించింది. తారీఖు ఒక్కటే వెయ్యలేదు. చదవకూడదు, చదివాను. చేతకానిది నీకు కాదు తల్లీ, నాకు. నువ్వు తిరిగి వెళ్ళిన మర్నాడే సంచీలో రెండు చొక్కాలు, ఫ్లాస్కు పెట్టుకుని బయల్దేరాను. పాత దోస్తుల్ని చూసొస్తానని మీ అమ్మతో చెప్పాను. "ఇన్నాళ్ళూ లేని ప్రేమ ఇప్పుడెందుకో" అంది కానీ ఆపలేదు.

మొదట సీట్లావిడ దగ్గరికి వెళ్ళాను. బేకరీ పైన మేడ, పదకొండు మిషన్లు, గదంతా ఫోము పొడి. నేను విషయం చెప్పగానే కుట్టు ఆపి, కళ్ళద్దాలు తీసి, "అయితే అమ్మాయికి తెలియదా?" అంది. "తెలియదు." "అయ్యో, నేను నూట యాభై కుట్టి ఊరుకున్నానే. మీరు చెప్పొద్దూ అన్నయ్యగారూ." "సిగ్గేసిందమ్మా." "మీ సిగ్గుకి ఆ పిల్ల తల దించుకుందన్నమాట" అంది. మెత్తగానే అంది. ఇంకెవరూ నన్నంత గట్టిగా కొట్టలేదు.

చక్రాలాయన షెడ్డులో ఒక చక్రాన్ని ఇరుసుకి తగిలించి తిప్పి, చెవి దగ్గర పెట్టి వింటున్నాడు. వంకర ఉంటే చప్పుడులోనే తెలుస్తుందంటాడు. అది తిరుగుతుంటే నాకు నీ నీలం సైకిలు గుర్తొచ్చింది. నెలరోజులు ఓవర్‌టైం చేసి కొన్నాను, నువ్వు పది రోజులు కూడా తొక్కలేదు. రంగు నచ్చలేదేమో అనుకున్నాను. సరే, అది వేరే సంగతి. చక్రాలాయన అంతా విని ఒకే మాట అడిగాడు. "అన్నా, నిజం చెప్పడానికి నాకేం బాధ లేదు. అయిదు రోజులంటే అయిదే రాస్తాను. కానీ నా పెట్టె తెర మీద కనబడ్డాక, రేపు పైవాళ్ళొచ్చి 'ఇదెందుకు, తీసెయ్' అంటే? మళ్ళీ వానొస్తే నా మొహం ఎవరు చూస్తారు?"

లెక్కలమ్మా, ఇక్కడే నేను రెండో తప్పు చేశాను. నిన్నడక్కుండా మాటిచ్చాను. "మా అమ్మాయి మీ పెట్టె జోలికి ఎవర్నీ రానివ్వదు. నాది పూచీ" అన్నాను. సీట్లావిడకీ అదే చెప్పాను. గొట్టాల షెడ్డులోనూ, బట్టతలకీ అదే. ఆ మాట మీదే నలుగురూ వారం తిరక్కుండా తెరలో నిజం రాశారు. అసలు సరుకు ఒకచోట, పెట్టె సరుకు పక్కన విడిగా. అందుకే నీ తెర చెప్పింది నిజమైంది, అందుకే అరవై కుర్చీలు వెళ్ళాయి. నీ పద్ధతి గొప్పదే. కానీ నిజం చెబితే నష్టపోమన్న ధైర్యం మనుషులకి కలిగించాకే అది పనిచేసింది. గురువారం నీకిది తెలియకపోతే, ఆ ఆరు యూనిట్లలోనూ ఆరు గోనెపట్టాలు ఉంటాయి, నువ్వు మళ్ళీ నలుగురి ముందూ తల దించుకోవాలి. తెలిస్తే నాన్న రిజిస్టరు మీద నీకున్న గౌరవం పోతుంది. రెండూ తూకం వేసి చూశాను. పోతే పోనీ, నా రిజిస్టరే పోనీ.

యజమానులు మిగులు సరుకు ఎందుకని తప్పక అడుగుతారు. నువ్వేం చెప్పినా నేను కాదనను. నేనిచ్చిన మాట నిలబెట్టలేకపోతే, నేనే మళ్ళీ సంచీ సర్దుకుని వెళ్ళి నలుగురికీ క్షమాపణ చెప్పుకుంటాను.

ఇంత రాశాక కూడా సంతోషంగానే ఉంది, సిగ్గులేనివాణ్ణి. అరవైకి అరవై తల్లీ.

నీ నాన్న,
ఒకప్పటి స్టోరు కీపరు


శుక్రవారం

నా లెక్కలమ్మకు, ఇది ఉత్తరం అనుకోకు, ఊరికే పలకరింపు.

ఉత్తరం నీ చేతికే ఇచ్చానని డ్రైవరు చెప్పాడు. నువ్వు ఫోనులో పంపిన ఒక్క వాక్యమూ చూశాను. "అందింది నాన్నా, రాస్తాను." దాన్ని ఏడెనిమిదిసార్లు చదివాను. మీ అమ్మకి చూపించి "ఇందులో కోపం ఉందా?" అని అడిగాను. "అందిందంటే అందిందని. మీరేమైనా ఆణిముత్యాలు పంపారా, అది పొంగిపోవడానికి?" అంది. మీ అమ్మకి కూడా అంతా చెప్పేశాను. పన్నెండు చక్రాల సంగతి విని, "నాకు చెప్పకుండా పదిరోజులు దాచగలిగిన వస్తువు ఇంట్లో ఒక్కటైనా ఉందా? ఫ్యాక్టరీలో మాత్రం ఏళ్ళతరబడి దాచారన్నమాట" అంది. కోపమో మెచ్చుకోలో తేల్చుకోలేకపోయాను. భోజనంలో మాత్రం రెండు గరిటెలు ఎక్కువ వడ్డించింది.

నిన్న గురువారం అయిపోయింది. పొద్దున్న చక్రాలాయన ఫోన్ చేశాడు. "అన్నా, మన పెట్టె ఉన్నట్టా, పోయినట్టా?" "ఇంకా తెలియదు తమ్ముడూ." "నువ్వే కదా పూచీ అన్నావు." "అన్నాను." "సరే, నీ గొంతు వింటే నాకంటే నీకే భయంగా ఉన్నట్టుంది. టీ తాగి పడుకో" అన్నాడు.

భయం ఉంది, కాదనను. కానీ ఒకటి చెప్పనా? చెప్పేశాక భయం వేరే రకంగా ఉంటుంది. ఇన్నాళ్ళూ ఉన్న భయం గోనెపట్టా కింది భయం. ఇది ఆరుబయట గాలిలో ఉన్న భయం. ఊపిరాడుతోంది.

తొందరేమీ లేదు. తీరిగ్గా రాయి. రాజీనామా కాగితం మీద తారీఖు మాత్రం వెయ్యకు.

నీ నాన్న


మంగళవారం, మధ్యాహ్నం

లెక్కలమ్మా, నా తల్లీ, నా చిన్నప్పటి నుంచీ తెలివైనదానా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక పై వాక్యం రాసేశాను. నా చిన్నప్పుడు నువ్వు లేవని మీ అమ్మ భుజం మీంచి చూసి నవ్వుతోంది. ఉండనీ. దిద్దను.

నీ ఎనిమిది పేజీల ఉత్తరం పొద్దున్న వచ్చింది. ఎనిమిదో పేజీ కాగితం వేరేగా ఉందేమిటా అని తిప్పి చూస్తే, వెనక నీ రాజీనామా. తారీఖు లేని రాజీనామా వెనక, "నాన్నా, ఈ కాగితం ఇక దేనికీ పనికిరాదు కాబట్టి దీని మీద రాస్తున్నాను" అని రాశావు. అక్కడ చదవడం ఆపి లేచి ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చాను. పక్కింటాయన గోడ మీంచి "ఏమైనా పోయిందా సార్?" అని అడిగాడు. "లేదు, దొరికింది" అన్నాను.

గురువారం సంగతి మీ అమ్మకి చదివి వినిపించాను, రెండుసార్లు. యజమాని ఊహించినట్టే అడిగాడన్నమాట. "ఈ పక్కన విడిగా పెట్టిన సరుకు ఎందుకు? తీసేస్తే ఎంత మిగులుతుంది?" నువ్వు చెప్పిన జవాబు నేను ముప్పై నాలుగేళ్ళలో చెప్పలేకపోయాను. "తీసేస్తే అది మాయమవదు సార్, మనకి కనబడకుండా పోతుంది. ఇప్పుడు కనబడుతోంది కాబట్టే మిగతా లెక్క నిజమైంది." అన్ని పుస్తకాల్లోనూ మిగులు తగ్గించమనే ఉంటుంది కదా అని మేనేజరు అంటే, "పుస్తకాల్లో అందరూ నిజం చెబుతారు సార్. అక్కడ ఎవరికీ భయం ఉండదు" అన్నావట. తర్వాత గేటు దగ్గర అమ్మని వీపుకెత్తుకుని వెళ్ళినతని సంగతి చెప్పావు.  చివరికి యజమాని "దానికేమైనా పేరుందా?" అని అడిగాడు, నువ్వు చెప్పావు. ఇప్పుడు ఏడు యూనిట్ల తెరల మీదా ఒక గడికి 'అమ్మమ్మ పెట్టె' అని పేరు ఉంటుంది. పెట్టె ఎవరిదో వాళ్ళనడగకుండా పైవాళ్ళెవరూ అందులో ఒక్కటి కూడా తగ్గించకూడదని రాతపూర్వకంగా పెట్టించావు. నేను నోటిమాటగా ఇచ్చిన పూచీని నువ్వు సంతకాలతో నిలబెట్టావు.

చక్రాలాయనకి ఫోన్ చేసి చెప్పాను. ముందు ఫోనులో చక్రం తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. తర్వాత "మా పెట్టెకి పేరు పెట్టింది నేనేనని అమ్మాయికి గుర్తుచెయ్యి అన్నా" అన్నాడు. సీట్లావిడ మాత్రం, "ఇదేదో మొదటే చెబితే నలభై కుర్చీలకి సీట్లుండేవి" అంది. ఆవిడ ఇంకా వదల్లేదు నన్ను. వదలకూడదు కూడా.

ఇంక అయిదో పేజీ. దాని గురించి రాయడానికే అసలు కూర్చున్నాను, ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నాను.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు నాకు క్యారేజీ ఇవ్వడానికి స్టోరుకి వచ్చావట. నేను కనబడకపోతే నిచ్చెన వెనకకి దూరావట. గోనెపట్టా ఎత్తి చక్రాలు లెక్కపెట్టావట. ఇంతలో నేనూ మేనేజరూ లోపలికి వచ్చాం. "స్టోర్లో ఒక్క చక్రం కూడా లేదు సార్" అని నేను చెప్పడం నువ్వు అక్కడే కూర్చుని విన్నావు. పై వారం మళ్ళీ వస్తే అక్కడ చక్రాలు లేవు. ఆ ఆదివారమే నేను నీకు నీలం సైకిలు తెచ్చాను.

తల్లీ, ఆ సైకిలు నువ్వెందుకు తొక్కలేదో ఇరవై నాలుగేళ్ళ తర్వాత తెలిసింది నాకు. రంగు కాదన్నమాట.

ఆ చక్రాలు అమ్మి సైకిలు కొన్నాడని, మీ నాన్న దొంగ అనుకుని పెరిగావు. ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకి కూడా. నన్ను అసహ్యించుకోనూ లేదు. నాకు జ్వరమొస్తే నా పక్కనే కూర్చున్నావు. నా బూట్లకి పాలిష్ వేశావు. ఎవరూ ఏదీ దాచలేని పద్ధతి ఒకటుంటే ఎవరి నాన్న మీదా ఎవరికీ అనుమానం రాదు కదా అని, ఆ చదువే ఎంచుకున్నావు. అది చదివి నాకు ఎలా ఉందో రాయడం చేతకావడం లేదు. బాధపడాలేమో. మీ అమ్మ కూడా ముందు నా మొహంలోకి భయంగా చూసింది. కానీ నాకు బాధ వెయ్యలేదు. నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. దొంగని అనుకుంటూ కూడా ఇంత ప్రేమగా చూసుకున్నావంటే, కాదని తెలిశాక నన్నేం చేస్తావో అని భయంగా ఉంది.

ఆ రోజు భోజనాల బల్ల దగ్గర "కొట్టివేత లేని రిజిస్టరు" అన్నది నన్ను మెచ్చుకోడానికి కాదని, నేనేమైనా చెబుతానేమో చూద్దామని అన్నావని రాశావు. నేను ఉప్పు డబ్బా తీసుకుని వెళ్ళిపోతే, "సరే, చెప్పడు" అనుకున్నావట. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకే గోనెపట్టాకి రెండు కొసలు పట్టుకుని, అవతలివాళ్ళకి అది కనబడకూడదని తాపత్రయపడ్డాం. నాకు తెలిసిన నిజం సగం, నీకు తెలిసిన నిజం సగం. నువ్వు నేర్చుకున్న చదువంతా దీని గురించేనట కదా అని మీ అమ్మ అడుగుతోంది. ఆవిడకి సమాధానం నువ్వే చెప్పు.

ఆ చక్రాలు ఎక్కడికి పోయాయో రాయాలి. ఆ వారం లోడు ఆలస్యమైంది. ఆ చక్రాలతో ఆరు కుర్చీలు తయారై వెళ్ళాయి. సైకిలు మాత్రం ఓవర్‌టైందే. చెప్పాల్సిన అవసరం లేదని రాశావు, నా ఉత్తరం చదివినప్పుడే నమ్మేశానన్నావు. అయినా స్టోరు కీపరుని కదా, బయటికి వెళ్ళిన సరుకు ఎక్కడికి వెళ్ళిందో రాయకపోతే నిద్ర పట్టదు.

సైకిలు ఇంకా షెడ్డులోనే ఉంది. నిన్న దించి తుడిచాను. టైర్లు పోయాయి, చక్రాలు బాగున్నాయి. చక్రాలాయన వచ్చి చప్పుడు విని చూస్తానన్నాడు. నువ్వు ఎక్కలేవు, ఎక్కే వయసు దాటిపోయింది. అయినా బాగుచేయిస్తాను.

చివరగా ఒక లెక్క తేలాలి. నా మొదటి ఉత్తరంలో పన్నెండు చక్రాలన్నాను. ఒక్కటి ఎక్కువైంది లేదని కూడా గొప్పగా రాశాను. నువ్వు అయిదో పేజీ చివర, "నాన్నా, ఆ రోజు అక్కడ పదమూడు ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను" అని రాశావు. చక్రాలు జతల్లో ఉంటాయి కదా, పదమూడు ఎలా ఉంటాయని చాలాసేపు ఆలోచించాను. "జత కుదరని ఆ పదమూడోది మీరే అయ్యుంటారు" అని మీ అమ్మ తీర్పు చెప్పింది. ఎక్కడిదో నాకు నిజంగా గుర్తులేదు. కానీ లెక్కపెట్టింది నువ్వు.

అందుకని ఇందాక పెట్టెలోంచి ఆ ఉత్తరం కార్బను కాపీ తీశాను. పన్నెండు అన్నచోట అడ్డంగా గీత కొట్టి, పైన పదమూడు అని రాసి, పక్కన సంతకం చేసి తారీఖు వేశాను. సాక్షిగా మీ అమ్మ కూడా సంతకం పెట్టింది. నా చేత్తో కొట్టివేసిన మొదటి అంకె ఇదే. చూడ్డానికి చాలా బాగుంది.

నీ నాన్న